రిలీఫ్ వాల్వు కారిన వేసవి

ఆ వేసవిలో మా ఇంట్లో చెడిపోయింది రిలీఫ్ వాల్వు అనుకున్నాం. నిజానికి ఆ నెలా నెలన్నరా మా ఇంట్లో తన పని తాను సరిగ్గా చేసింది అదొక్కటే.

నేను కుట్టుమిషను వేసుకుని కూర్చునే గది కిటికీకి ఆరడుగుల దూరంలో, పెరట్లో రేకుల కప్పు కింద ఉండేది మా పంపు గది. గది అంటే మూడు గోడలు, తలుపు లేని ఒక గుమ్మం. బోరులోంచి పైకి వచ్చిన నీళ్లు అక్కడున్న నీలం రంగు ప్రెషర్ ట్యాంకులో చేరి, అక్కణ్ణించి ఇంట్లో కుళాయిలన్నిటికీ వెళ్లేవి. ట్యాంకు పక్కన పైపు మీద అరచేతిలో పట్టేంత నల్ల డబ్బా ఒకటి, ప్రెషర్ స్విచ్చి. కుళాయి తిప్పి నీళ్లు వాడుకుంటుంటే ఒత్తిడి తగ్గి, టక్‌మని మోటారును వేస్తుంది. ట్యాంకు నిండగానే మళ్లీ టక్‌మని ఆపుతుంది. దాని పక్కనే ఇత్తడి రిలీఫ్ వాల్వు. ఒత్తిడి మితిమీరితే ట్యాంకు పగలకుండా నీళ్లను బయటికి వదిలేస్తుంది. అన్నీ బాగున్న ఇంట్లో దానికి పనే ఉండకూడదు.

ఆ ఏడు ఎండలు ముదురుతుండగా ఒక ఉదయం దాని కింద గచ్చు తడిగా కనబడింది. మా మామగారు వరండాలో పేపరు చదువుకుంటున్నారు.

"మామయ్యా, వాల్వు కారుతోంది" అన్నాను.

"కారుతోనా? ఎవరొచ్చారు?" అని పేపరు మడిచి లేచి చొక్కా కోసం వెతుక్కున్నారు.

నేను పడీ పడీ నవ్వాను. మామయ్యకి అలాంటి చమత్కారాలు అలవాటే. ఆయన ఒక క్షణం నా మొహంలోకి చూసి, తనూ నవ్వారు. అప్పుడు నాకు ఏమీ అనిపించలేదు.

ఊళ్లో మామయ్యని పంపు డాక్టరు అనేవారు. పొడవాటి స్క్రూడ్రైవరు కొనని పైపుకి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవారు. తర్వాత కళ్లు తెరిచి, "బేరింగు అరిగింది" అనో, "అడుగున ఇసుక తింటోంది" అనో చెప్పేవారు. బోరులోంచి మోటారు బయటికి లాగి చూస్తే సరిగ్గా అదే అయ్యుండేది. మా ట్యాంకు మీద ఒత్తిడి చూపే మీటరు ముల్లు ఏనాడో నలభై దగ్గర ఇరుక్కుపోయింది. మార్చండీ అంటే, "చెవులుండగా ముల్లెందుకు?" అనేవారు.

ఆ రోజు పంపు గదిలోకి వచ్చి, వాల్వు మీదున్న చిన్న పిడిని పైకెత్తి ఒక బొక్కెనెడు నీళ్లు ఉధృతంగా వదిలారు.

"లోపల మూత ఆనే సీటు మీద నలుసు పడుంటుంది. కంట్లో నలక పడితే నీళ్లు కారవూ? అంతే ఇదీ" అన్నారు.

కారడం ఆగింది. మర్నాడు మళ్లీ మొదలైంది.

ఆయన కొత్త వాల్వు తెచ్చి, మరకు తెల్ల టేపు చుట్టి బిగించారు. ఒక పూట బాగానే ఉంది. సాయంత్రం అత్తయ్య అంట్లు తోముతుంటే, ఇత్తడి మూతి లోంచి చిర్రుమని నీళ్లు చిమ్మాయి. "ఈ కాలం సరుకంతా ఇంతే. ఇత్తడి కాదిది, ఇత్తడి పూత" అని విసుక్కుంటూ వారం తిరక్కుండా ఇంకొకటి తెచ్చారు. అదీ కారింది. ఎండలకి బోరులో నీళ్లు కిందికి దిగిపోతున్నాయి. మేము బట్టలు ఉతికిన నీళ్లు మొక్కలకి పోస్తూ పొదుపు చేస్తుంటే, వాల్వు మాత్రం రోజుకి నాలుగు బిందెలు నేలపాలు చేస్తోంది.

"పెరటి చెట్టు మందుకి పనికిరాదని ఊరికే అన్నారా? ఊరందరి పంపులకీ డాక్టరు, ఇంట్లో పంపుకి మాత్రం కాంపౌండరు" అంది అత్తయ్య, వీధి చివరిదాకా వినిపించేలా.

అత్తయ్య గొంతు సంగతి వీధంతటికీ తెలుసు. ఉప్పు అందించమన్నా ఊరేగింపులో నినాదంలా ఉండేది. నా పెళ్లయిన కొత్తలో ఇంత లేదు కదా అని అప్పుడప్పుడూ అనిపించేది కానీ, వయసుతో పాటు కొందరికి ఒళ్లు పెరుగుతుంది, ఈవిడకి గొంతు పెరిగిందిలే అనుకునేదాన్ని. నా భర్త రైలు గార్డు. మూడు రోజులకోసారి ఇంటికి వచ్చి, కూతలూ కేకలూ వినీ వినీ అలిసిపోయిన మనిషి, తల్లి గొంతు వినగానే చెవులు మూసుకునేవాడు.

"ఎందుకమ్మా అంత అరుస్తావు? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు!" అన్నాడు ఒకసారి భోజనాల దగ్గర.

అత్తయ్య చేతిలో గరిటె ఆగిపోయింది. మామయ్య తల వంచుకుని తింటున్నారు. "నా గొంతు నా ఇష్టం. నీ రైలు ఇంజనుకి నువ్వు చెప్పుకో" అంది ఆవిడ. అంత చిన్న మాటకి ఆవిడ మొహం ఎందుకు ఎర్రబడిందో నాకు అర్థం కాలేదు.

అది స్కూలు యూనిఫాంలు కుట్టే కాలం. రెండు స్కూళ్ల చొక్కాలు నా మిషను పక్కన గుట్టగా పడున్నాయి. పొద్దున్నించి సాయంత్రం దాకా కిటికీ పక్కనే కూర్చోవడం వల్ల, పంపు గది చప్పుళ్లు నా మిషను చప్పుడులో కలిసిపోయి వినిపించేవి. కుట్టేవాళ్లకి చెవి పదునుగా ఉంటుంది. బాబిన్‌లో దారం అయిపోవడం, సూది మొన విరగడం, కుట్టు దాటిపోవడం కంటికన్నా ముందు చెవికే తెలుస్తాయి. ఒక మధ్యాహ్నం కాలరు కుడుతుంటే, స్విచ్చి తెగ కొట్టుకుంటున్నట్టు అనిపించింది. టక్, టక్. కాసేపాగి, టక్, టక్. అత్తయ్య వంటింట్లో కుళాయి కింద గిన్నెలు కడుగుతోంది. సుద్ద తీసుకుని బల్ల మీద గీతలు పెట్టాను. కాలరు ఒకటి పూర్తయ్యేలోపు స్విచ్చి పదకొండు సార్లు మోటారును వేసి, ఆపింది.

ఇదివరకు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకున్నాను. నాలుగు బిందెలు నిండాక ఒకసారి మోటారు వేసేది. చాలాసేపు నడిచి, ఆగేది.

మర్నాడు పొద్దున్న మామయ్య మూడో వాల్వు బిగించి నన్ను పిలిచారు. "వంటింట్లో కుళాయి సన్నగా వదిలేసి ఇటు రా అమ్మాయ్. వాల్వు కారే ముందు లోపల ఏం జరుగుతోందో వింటాను" అన్నారు.

నేను కుళాయి తిప్పి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడ్డాను. మామయ్య స్క్రూడ్రైవరు కొన స్విచ్చి డబ్బాకి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. నాకూ ఆ డబ్బాకీ మధ్య నాలుగడుగులు. టక్‌మంది. వెంటనే మళ్లీ టక్. వాల్వు మూతి లోంచి గుప్పెడు నీళ్లు చిమ్మి అవతలి గోడ మీద పడ్డాయి. ఇంకోసారి టక్, టక్. మరోసారి.

మామయ్య మొహంలో ఏ కదలికా లేదు. చాలాసేపు విన్నాక కళ్లు మూసుకునే అన్నారు.

"ఇంకా మోటారు వేసుకోలేదు. స్విచ్చి పడనే లేదు కదా?"

నేను నోరు తెరిచాను. ఆయన కళ్లు తెరిచి నా వంక చూస్తున్నారు. జవాబు కోసం చూసే చూపులా లేదది. నా పెదవులు ఎప్పుడు కదులుతాయా అని చూస్తున్నట్టుంది.

"లేదు మామయ్యా" అన్నాను.

అది అబద్ధమని తెలిసి కూడా ఎందుకన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన తల ఊపి, స్క్రూడ్రైవరు తుడిచి జేబులో పెట్టుకున్నారు.

నేను సరాసరి వంటింట్లోకి వెళ్లి, కుళాయి కట్టేసి, అత్తయ్య పక్కన నిలబడ్డాను. ఆవిడ బియ్యం ఏరుతోంది.

"అత్తయ్యా, మామయ్యకి..." అని ఆగాను.

ఆవిడ చేట కింద పెట్టింది. గుమ్మం వైపు ఒకసారి చూసింది. తర్వాత నేనెప్పుడూ వినని గొంతుతో మాట్లాడింది. సన్నటి, మెత్తటి గొంతు.

"నీకూ తెలిసిపోయిందా?"

"ఎప్పటినుంచి?"

"రెండేళ్లు దాటింది. మొదట్లో అన్న మాటే మళ్లీ చెప్పమని అడిగేవారు. అడిగి అడిగి సిగ్గేసి మానేశారు. ఒకసారి చెవి డాక్టరు దగ్గరికి వెళదామంటే రెండు రోజులు అన్నం ముట్టలేదు. 'నా చెవులతోనే కదే ఇల్లు నడిచింది' అన్నారు. నేనే పొరబడ్డానులెండని సర్దేసి, ఇక ఆ మాటెత్తలేదు. ఆయనకి వినబడటంలేదన్న సంగతి ఆయనకే తెలియకుండా ఉంటే బాగుండుననిపించింది. అందుకని కొద్దికొద్దిగా గొంతు పెంచుకుంటూ వచ్చాను. ఒక్కసారే పెంచితే అనుమానం రాదూ? పూటకింత, పూటకింత."

వీధిలో అందరూ ఈవిడని గయ్యాళి అనుకునేవారు. నేనూ అనుకున్నాను.

"ఆయనకి తెలియదంటారా?" అన్నాను.

"ఏమో. తెలిసినా, నాకు తెలియదనుకుంటున్నారు. అలాగే ఉండనీ" అని చేట మళ్లీ చేతిలోకి తీసుకుంది. "నువ్వు మటుకు మీ ఆయనకి చెప్పకు. వాడు వెంటనే డాక్టరంటూ మంచి చేసేస్తాడు. ఆయన చితికిపోతారు."

ఆ మధ్యాహ్నం నేను చాలా ఆలోచించాను. ఆయన మీద జాలి చూపిస్తే గిట్టదు. అలాగని వాల్వు మీద వాల్వు మారుస్తూ కూర్చుంటే నీళ్లూ ఆగవు, ఆయన పరువూ నిలవదు. ఇప్పటికే పంపు డాక్టరుకి పనితనం పోయిందని నలుగురూ అనుకుంటున్నారు. పిలుపులు తగ్గిపోయాయి. వచ్చిన ఫోన్లకి ఆయన, "సరే సరే, అలాగే" అని పెట్టేయడం నేను చూస్తూనే ఉన్నాను. ఆ తర్వాత ఎక్కడికీ వెళ్లేవారు కాదు. ఎందుకో అప్పటిదాకా ఆలోచించలేదు.

సాయంత్రం టీ పట్టుకెళ్లి ఆయన ఎదురుగా, మొహంలో మొహం పెట్టి కూర్చున్నాను.

"మామయ్యా, నాకో ఇబ్బంది వచ్చింది. మీ స్విచ్చి చప్పుడుకి నా కుట్టు వంకర పోతోంది."

"ఏ చప్పుడు?"

"అదే, టక్ టక్‌మని. నిన్న ఒక్క కాలరు కుట్టేలోపు పదకొండు సార్లు వేసి ఆపింది. నేను సుద్దతో గీతలు పెట్టాను, కావాలంటే చూడండి."

గ్లాసు ఆయన పెదవుల దాకా వెళ్లి ఆగింది. "పదకొండా? ఎంతసేపట్లో?"

"పది నిమిషాలు ఉంటుందేమో."

"అత్తయ్య కుళాయి ఎంత వదిలింది? నిండుగానా, సన్నగానా?"

"సన్నగా. గిన్నెలు కడుగుతోంది."

ఆయన గ్లాసు కింద పెట్టేశారు. ముందుకి వంగి కూర్చున్నారు. నెల రోజులుగా చూడని మనిషి నా ఎదురుగా ఉన్నాడు. "వాల్వుది తప్పు కాదు అమ్మాయ్. ట్యాంకులో గాలి లేదు. పద!"

అంతే. పదకొండన్న ఒక్క అంకె చాలింది. ఆ చేతుల్లో లోపం లేదు, ఆ తలలో లోపం లేదు. ఆయనకి కబురు అందలేదు, అంతే.

పంపు గదిలో ఆయన మెయిన్ కట్టేసి, పని చేస్తూనే నాకు చెప్పడం మొదలుపెట్టారు. ఆ ట్యాంకు లోపల పెద్ద రబ్బరు తిత్తి ఒకటి ఉంటుంది. నీళ్లు తిత్తిలోకి వస్తాయి, దాని చుట్టూ గాలి ఉంటుంది. నీళ్లు వచ్చి తోస్తే గాలి నొక్కుకుని చోటిస్తుంది. నీళ్లు వాడుకుంటే గాలే వాటిని తోస్తుంది.

"నీళ్లు నొక్కితే నొక్కుకోవు. మొండివి. గాలిది సర్దుకుపోయే గుణం. అది ఉన్నంతసేపూ ఒత్తిడి మెల్లగా పెరుగుతుంది, మెల్లగా తగ్గుతుంది. గాలి పోయిందనుకో, కుళాయి ఇలా తిప్పగానే ఒత్తిడి దబ్బున పడిపోతుంది, మోటారు వేయగానే ఒక్క గెంతులో నెత్తికెక్కుతుంది. స్విచ్చి ఆపేలోపే హద్దు దాటుతుంది. అప్పుడు వాల్వు పాపం ఏం చేస్తుంది? నీళ్లు కక్కుతుంది. నేను దాన్ని పట్టుకుని మూడుసార్లు మార్చాను."

ట్యాంకు నెత్తిన చిన్న టోపీ ఒకటుంది. అది విప్పితే లోపల సైకిల్ ట్యూబుకి ఉన్నట్టే గాలి మూతి.

"దాని మధ్యలో పుల్ల ఉంది చూశావా? గోటితో నొక్కు. గాలి వస్తే తిత్తి బతికున్నట్టు. నీళ్లు వస్తే చిరిగినట్టు" అన్నారు.

నొక్కాను. సన్నటి నీటిధార లేచి సూటిగా నా కంట్లో కొట్టింది. మామయ్య పకపకా నవ్వారు. అత్తయ్య వంటింటి కిటికీలోంచి తల బయటికి పెట్టి చూసింది. ఆవిడ కూడా చాలా రోజులకి విన్నట్టుంది ఆ నవ్వు.

తిత్తి దొరకడానికి రెండు రోజులు పట్టింది. ట్యాంకు నీళ్లన్నీ వదిలేసి, అడుగున ఆరు బోల్టులు విప్పి, పాత తిత్తిని బయటికి లాగాం. ముడతలు పడి, ఒక వైపు జానెడు పొడుగున చీలి ఉంది. కొత్తది చుట్టచుట్టి లోపలికి తోయడానికి నా చేతులు సన్నవి కాబట్టి నేనే తోశాను. తర్వాత మామయ్య సైకిల్ పంపు నా చేతికిచ్చారు.

"మోటారు ముప్పై దగ్గర వేసుకునేలా పెట్టాను. గాలి దానికంటే రెండు తక్కువ ఉండాలి. ఇరవై ఎనిమిది. అది కూడా ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడే చూడాలి. నిండు ట్యాంకు మీద చూసే గాలి లెక్క దొంగ లెక్క" అన్నారు.

కొట్టాను, కొట్టాను, భుజాలు పడిపోయేదాకా కొట్టాను. ఆయన ముల్లు మీటరు పెట్టి చూస్తూ, "ఇంకా, ఇంకా" అంటున్నారు. మా ట్యాంకు మీదున్న పాత మీటరు కూడా ఆ రోజే తీసేసి కొత్తది బిగించారు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

అన్నీ అయ్యాక మెయిన్ వేశాం. పైపుల్లోకి నీళ్లు పరుగెత్తాయి. ముల్లు మెల్లగా, నిండుచూలాలు మెట్లెక్కినట్టు ఎక్కుతోంది. మామయ్య జేబులోంచి స్క్రూడ్రైవరు తీశారు. కొన స్విచ్చి వైపు సగం దాకా వెళ్లింది. అక్కడ ఆగి, దాన్ని మళ్లీ జేబులో పెట్టుకున్నారు. ఎడమచెయ్యి నా వైపు చాపారు. మణికట్టు పైకి తిప్పి.

"పడినప్పుడు ఇక్కడ తట్టు" అన్నారు, నా వైపు చూడకుండా ముల్లు వైపే చూస్తూ.

నేను రెండు వేళ్లు ఆయన మణికట్టు మీద పెట్టాను. ముల్లు యాభై దగ్గరికి వచ్చింది. టక్. తట్టాను. ఆయన తల ఊపారు.

"కుళాయి వదలమను" అన్నారు. అత్తయ్య వదిలింది. ముల్లు తీరిగ్గా కిందికి దిగింది. ఒక బిందె. రెండు బిందెలు. నాలుగో బిందె సగంలో ఉండగా టక్‌మంది. తట్టాను. వాల్వు మూతి పొడిగా ఉంది. ఆయన బొటనవేలితో దాని అంచు తడిమి చూసి, వేలు నాకు చూపించారు.

చెవుల మాట మా ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత నుంచి ఫోను నేనే ఎత్తడం మొదలుపెట్టాను. మోగడం ఆయనకి వినబడక కాదు, నేను దగ్గర్లో ఉన్నాను కాబట్టి ఎత్తినట్టు. చెప్పినదాన్ని ఆయన ఎదురుగా నిలబడి తిరిగి చెప్పేదాన్ని. రెండు మూడు చోట్లకి సంచీ పట్టుకుని వెంట వెళ్లాను కూడా. చొక్కాల గుట్ట తగ్గడంలేదని స్కూలువాళ్లు గొణుగుతుంటే, అత్తయ్య గుండీలు కుట్టడం తన మీద వేసుకుంది.

స్కూళ్లు తెరవడానికి వారం ఉందనగా లాండ్రీ ఆవిడ ఫోన్ చేసింది. ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ల దుప్పట్లూ ఉతికే పెద్ద లాండ్రీ అది. ఆవిడ గొంతు కోపంగా ఉంది.

"ఎన్నిసార్లు చేయాలమ్మా? నెల నుంచీ మా రిలీఫ్ వాల్వు కారుతోందని చెబుతుంటే మీ మామగారు సరే సరే అంటారు, రారు. చివరికి మావాళ్లే దాని మూతికి బిరడా బిగించేశారు. కారడం ఆగిందిలే. కానీ పొద్దున్నించీ ట్యాంకు ఏదో మూలుగుతోంది. ఈసారైనా వస్తారా?"

నేను మామయ్య ఎదురుగా నిలబడి చెప్పాను. "వాల్వుకి బిరడా బిగించారట" అనగానే ఆయన మొహం పాలిపోయింది. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోలేదు. "నడు అమ్మాయ్. నడు."

లాండ్రీ వెనకవైపు వేడిగా, ఆవిరిగా ఉంది. ఏనుగంతేసి వాషింగ్ మిషన్లు నాలుగు తిరుగుతున్నాయి. గోడలూ నేలా అదురుతున్నాయి. ట్యాంకు మాకంటే ఎత్తుగా ఉంది. దాని పక్కనే గోడకి ఆనుకుని ఇద్దరు ఆడవాళ్లు దుప్పట్లు మడత పెడుతున్నారు. రిలీఫ్ వాల్వు మూతిలో ఇనుప బిరడా నున్నగా బిగించి ఉంది. మీటరు ముల్లు ఎర్ర గీత దాటి, చివరి మేకుకి ఆని వణుకుతోంది.

మామయ్య ఆ ఇద్దరినీ చెయ్యి పట్టి లేపి బయటికి తోశారు. తర్వాత పైపు మీద అరచెయ్యి వేశారు. మిషన్ల అదురుకి అన్నీ ఒకేలా అదురుతున్నాయి. మోటారు నడుస్తోందో ఆగిందో చేతికి తెలిసే దారి లేదు. ఆయన నా వైపు తిరిగారు.

"అమ్మాయ్, నడుస్తోందా?"

నేను పైపుకి చెవి ఆనించాను. మిషన్ల హోరు కింద, సన్నగా, ఆగకుండా ఒకటే రొద. టక్ లేదు.

"నడుస్తోంది మామయ్యా! స్విచ్చి ఆపడంలేదు!"

"అన్నీ కట్టెయ్!"

గోడ మీద బోర్డులో ఆరు మెయిన్లు, దేని మీదా పేరు లేదు. ఆరూ కిందికి లాగేశాను. మిషన్లన్నీ ఒక్కొక్కటిగా నిట్టూర్చి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ట్యాంకు నిజంగానే మూలగడం వినిపించింది. మామయ్య దాని అడుగునున్న కుళాయిని పావు తిప్పు, ఇంకో పావు తిప్పు, ఓపిగ్గా వదిలారు. నీళ్లు రాయి విసిరినట్టు బయటికి దూకాయి. ముల్లు మేకు విడిచి కిందికి దిగేదాకా ఆయన కుళాయి మీంచి చెయ్యి తీయలేదు.

అప్పుడు ఆయన నన్ను పిలిచి ట్యాంకు మధ్య అతుకు చూపించారు. దాని వెంబడి పెయింటు వెంట్రుకవాసి చిట్లి, మూరెడు పొడుగు గీత పడింది. దుప్పట్లు మడతపెట్టిన ఆడవాళ్ల తలలు సరిగ్గా ఆ ఎత్తున ఉంటాయి.

లాండ్రీ ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. భయంతో వచ్చిన కోపం ఆవిడది.

"నేను నాలుగుసార్లు ఫోన్ చేశాను. నాలుగుసార్లూ సరే అన్నారు. మీరు అప్పుడే వచ్చుంటే ఈ బిరడా బిగించేవాళ్లమా? మర్చిపోయారా, లేక మా పని లెక్కలేదా?"

నేను అడ్డుపడబోయాను. ఒంట్లో బాగాలేదని చెప్పడానికి మాట నోటి చివరిదాకా వచ్చింది. మామయ్య నా భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి ఇంకా తడిగా ఉంది.

"మర్చిపోలేదమ్మా. మీరేం చెప్పారో నాకు వినబడలేదు. వినబడలేదని చెప్పడానికి సిగ్గుపడి సరే అన్నాను. నాకు చెవులు పోయి చాలా రోజులైంది."

ఆవిడ నా వంక చూసింది. తర్వాత ఆయన దగ్గరికి వచ్చి, చెవి పక్కన నోరు పెట్టి, "అయ్యో, అలాగా!" అని అరిచింది.

"అంత గట్టిగా అక్కర్లేదమ్మా. ఎదురుగా నిలబడి చెబితే చాలు" అన్నారు మామయ్య. "స్విచ్చి మారుస్తాం, వాల్వు కొత్తది వేస్తాం. ఈ ట్యాంకు మటుకు మళ్లీ వాడకండి. మిగతా ఏమైనా అడగాలంటే మా కోడల్ని అడగండి. ఈ పని తనకీ తెలుసు."

ఇద్దరం ఇంటికి నడిచి బయల్దేరాం. మా వీధి మలుపు తిరుగుతుండగా ఆగారు.

"అమ్మాయ్, ఈ సంగతి మీ అత్తయ్యకి చెప్పకు."

"ఏ సంగతి మామయ్యా?"

"నా చెవుల సంగతి. రెండేళ్లుగా దానికి తెలియకుండా నెట్టుకొచ్చాను. బెంగపడుతుందని. నేనే చెబుతాను. మెల్లగా."

నేను తల ఊపాను. నవ్వాలో ఏడవాలో తెలియక సంచీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాను.

అత్తయ్య వరండాలో మెట్టు మీద కూర్చుని చొక్కాలకి గుండీలు కుడుతోంది. మామయ్య వెళ్లి ఆవిడకి కింది మెట్టు మీద కూర్చున్నారు. నేను లోపలికి వెళ్లి మిషను ముందు కూర్చున్నాను కానీ తొక్కలేదు. వరండా గుమ్మంలోంచి మాటలన్నీ వినిపిస్తున్నాయి.

"ఏమే, నీకో మాట చెప్పాలి. కంగారు పడకూడదు."

"ఏమిటండీ?"

"నాకు... చెవులు సరిగ్గా వినబడటంలేదు."

అత్తయ్య సూది చొక్కాకి గుచ్చి పక్కన పెట్టినట్టుంది.

"అవునా!" అంది, ఎంతో ఆశ్చర్యంగా. "నాకు తెలియనే లేదే. ఎప్పటినుంచండీ?"

మామయ్య గొంతు సవరించుకుని మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టారు. ఏ పంపు దగ్గర మొదటిసారి అనుమానం వచ్చిందో, ఎవరి మాట తప్పుగా విన్నారో, ఎలా దాచారో, ఒక్కటి వదలకుండా. అత్తయ్య మధ్యమధ్యలో "అయ్యో", "ఔరా", "తర్వాత?" అంటూ, ఒక్కటి కూడా తెలియనిదానిలా, సాయంత్రం దీపం వేసే వేళ దాకా వింటూ కూర్చుంది.